దిద్దుబాటే రచనా పద్ధతిగా: గురజాడ కథన సాధన (1883–1915)

ఉపోద్ఘాతం

ఆధునిక తెలుగు సాహిత్య చరిత్రలో గురజాడ వేంకట అప్పారావు (1862–1915) స్థానం గురించి నేడు వివాదం లేదు. అయితే ఆ స్థానాన్ని నిరూపించే చర్చల్లో ఆయన ఏమి రాశాడన్న ప్రశ్నకు దక్కినంత ప్రాధాన్యం ఎలా రాశాడన్న ప్రశ్నకు దక్కలేదు. యుగకర్త, వైతాళికుడు, మహాకవి వంటి విశేషణాలు ఒక రచయిత సాధించిన ఫలితాన్ని సూచిస్తాయే గాని, ఆ ఫలితానికి ముందు జరిగిన తర్జనభర్జనను సూచించవు. ఒకే ఊపులో వెలువడిన ప్రతిభగా 'కన్యాశుల్కం'ను, 'దిద్దుబాటు'ను చదివే అలవాటు అందువల్లనే ఏర్పడింది.

గురజాడ రచనా జీవితం ఇందుకు భిన్నమైన చిత్రాన్ని చూపుతుంది. రాసినదాన్ని ఇతరుల ముందు పెట్టడం, వారి స్పందనను గమనించడం, అందులో తనకు పనికివచ్చేదాన్ని స్వీకరించి, రానిదాన్ని తిరస్కరించడం, మళ్ళీ రాయడం – ఈ క్రమం ఆయన ఇరవై ఒకటవ ఏట మొదలై మరణం వరకు సాగింది. 1883లో అచ్చయిన ఆంగ్ల కావ్యం నుంచి 1914 నాటి అసమ్మతి పత్రం వరకు ఈ క్రమాన్ని పరిశీలించి, ఒక కథకుడు తన సొంత పద్ధతిని ఎట్లా రూపొందించుకొన్నాడో నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం. రచయితకు సలహా ఎంతవరకు అవసరం, ఎక్కడ అది అడ్డంకి అవుతుంది అన్న ప్రశ్న కూడ ఈ పరిశీలనలో అంతర్భాగం.

తొలి పాఠకుడి మాట: 'సారంగధర'

గురజాడ తొలి రచనల్లో పేర్కొనదగినది ఆంగ్లంలో రచించిన 'సారంగధర' కావ్యం. అది 1883లో విజయనగరం నుంచి వెలువడిన 'ఇండియన్ లీజర్ అవర్' పత్రికలో ప్రచురితమైంది. అప్పటికి ఆయన విజయనగరం మహారాజా కళాశాలలో ఎఫ్.ఏ. విద్యార్థి. ఆ కావ్యం కలకత్తాలో 'రీస్ అండ్ రయ్యత్' పత్రిక సంపాదకుడు శంభుచంద్ర ముఖర్జీ దృష్టికి వచ్చింది. ఆయన దానిని తన పత్రికలో పునర్ముద్రించాడు. యువకవి శక్తిని మెచ్చుకొన్నాడు. అదే సమయంలో పరాయి భాషలో ఎంత నేర్పు చూపినా దొరికే యశస్సు పరిమితమేననీ, మాతృభాషలో రచన సాగించడం మేలనీ హితవు చెప్పాడు.

ఈ ఉదంతాన్ని జీవితచరిత్రకారులు ఒక మలుపుగా పేర్కొంటారు. దీనిలో గమనించవలసిన సూక్ష్మం ఒకటుంది. ముఖర్జీ సలహా భాషకు సంబంధించినది. వస్తువుకు సంబంధించినది కాదు. సారంగధరుని కథ తెలుగువారికి చిరపరిచితం. గౌరన 'నవనాథ చరిత్ర'లోను, చేమకూర వేంకటకవి 'సారంగధర చరిత్ర'లోను అది కావ్యరూపం ధరించింది. జనం నోళ్ళలోను నిలిచి ఉంది. అంటే ఇరవై ఒకటవ ఏటనే గురజాడ తెలిసిన కథను, స్థానిక స్మృతిలో ఉన్న కథను తిరిగి చెప్పే మార్గాన్ని ఎంచుకొన్నాడు. మారవలసినది ఆ కథను వినే సమాజమే. ఆంగ్లంలో రాసినంతకాలం శ్రోత కలకత్తాలోనో మద్రాసులోనో ఉండే విద్యావంతుడు; తెలుగులో రాసిన నాడు శ్రోత విజయనగరం వీధిలోని మనిషి. తరువాతి కాలంలో వాసవీ కన్యక గాథ ఆధారంగా 'కన్యక'ను, యోగవాసిష్ఠంలోని కథ ఆధారంగా 'లవణరాజు కల'ను రచించినప్పుడు ఆయన అనుసరించినది ఈ తొలి మార్గమే. భాష మారింది, ఛందస్సు మారింది, శ్రోత మారాడు. తెలిసిన కథను కొత్త ప్రశ్నతో చెప్పే పద్ధతి మారలేదు.

మరొక విషయం. ఈ సలహాను గురజాడ యథాతథంగా పాటించలేదు. ఆయన దినచర్యలను, ఉత్తరాలలో అత్యధిక భాగాన్ని, 'కన్యాశుల్కం' రెండు కూర్పుల పీఠికలను, చివరకు తెలుగు వ్యావహికాన్ని సమర్థించే అసమ్మతి పత్రాన్ని కూడ ఆంగ్లంలోనే రాశాడు. ఆంగ్లం ఆయనకు ఆలోచనకు, తర్కానికి, సమీక్షకు సాధనంగా మిగిలింది. సృజనకు తెలుగు సాధనమైంది. ఈ విభజన సంపూర్ణం కాదు. 'సంస్కర్త హృదయం'గా తెలుగు పాఠకులకు పరిచితమైన కథను ఆయన మొదట ఆంగ్లంలోనే రచించాడు. అయినా మొత్తం మీద ఒక అనుభవజ్ఞుడైన సంపాదకుడు చెప్పిన మాటను యువరచయిత ఆజ్ఞగా కాక ఆలోచనగా స్వీకరించి, తన అవసరానికి తగినట్లు మలచుకొన్నాడని స్పష్టమవుతున్నది. సలహాను వినే పద్ధతి కూడ రచనా పద్ధతిలో భాగమేననడానికి ఇది మొదటి నిదర్శనం.

సేకరణ: కథకు ముందు కథ

గురజాడ వృత్తిజీవితం ఆయన కథనానికి ముడిసరుకు సమకూర్చింది. 1884లో ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయుడిగా, పట్టభద్రుడైన తరువాత కళాశాలలో అధ్యాపకుడిగా, అనంతరం విజయనగర సంస్థానంలో శాసన పరిశోధకుడిగా ఆయన పనిచేశాడు. 1897లో ఆనంద గజపతి మరణించిన తరువాత రీవా మహారాణి ఆంతరంగిక కార్యదర్శిగా సంస్థాన వ్యవహారాల్లో, వారసత్వ దావాకు సంబంధించిన పనుల్లో పాలుపంచుకొన్నాడు. తరగతి గదిలో విద్యార్థుల భాష, శాసనాల్లో వెనుకటి కాలపు భాష, దివాణంలో ఉద్యోగుల భాష, దావాల్లో సాక్షుల, వకీళ్ళ భాష – ఇవన్నీ ఒకే మనిషి చెవిన పడిన సందర్భం ఇది. 'కన్యాశుల్కం'లో కనిపించే పోలీసు అధికారులు, ప్లీడర్లు, దొంగసాక్ష్యాల బేరసారాలు పుస్తకాల్లో చదివి పుట్టించినవి కావని పాఠకుడికి తోచడానికి కారణం ఈ నేపథ్యమే.

ఆయన దినచర్యలను ఈ కోణంలో చదవవలసి ఉంది. అవి కేవలం ఆత్మకథా సామగ్రి కావు. చూసిన మనుషులను, విన్న మాటలను, చదివిన గ్రంథాలను మరుపులోకి జారనీయకుండా నిలుపుకొనే రచయిత సాధనాలు. శాసన పరిశోధకుడు రాతిమీది అక్షరాన్ని ఉన్నది ఉన్నట్లు ఎత్తి రాసుకొంటాడు. తనకు నచ్చిన రూపంలోకి దిద్దడు. మనుషుల మాట విషయంలో గురజాడ పాటించిన నియమం కూడ అదే. పాత్ర పలికిన మాటను వ్యాకరణానికి లోబరచి దిద్దడం ఆయన దృష్టిలో సాక్ష్యాన్ని చెరపడంతో సమానం.

'కన్యాశుల్కం' వెనుక గణాంకాలు కూడ ఉన్నాయి. విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్ళ కాలంలో జరిగిన కన్యాశుల్క వివాహాల జాబితాను ఆనంద గజపతి తయారు చేయించిన సంగతిని గురజాడ తొలి పీఠికలో ప్రస్తావించాడు. ఆ సంఖ్య 1,034. వధువుల్లో అయిదేళ్ళు మొదలుకొని ఏడాది వయస్సు వరకు ఉన్న పసిపిల్లలు ఉన్నారు. ఈ జాబితా నాటకానికి వస్తువును ఇచ్చింది గాని, నాటకాన్ని ఇవ్వలేదు. 1,034 అన్న సంఖ్య శాసనసభలో వాదానికి పనికివస్తుంది. ప్రేక్షకుడు తలదించుకోవడానికి సుబ్బి అనే ఒక్క పిల్ల కావాలి, ఆ పిల్లను అమ్మజూపే అగ్నిహోత్రావధాన్లు అనే ఒక్క తండ్రి కావాలి, కొనజూపే లుబ్ధావధాన్లు అనే ఒక్క ముసలివాడు కావాలి. లెక్కను మనిషిగా మార్చడం గురజాడ కథన పద్ధతిలో రెండవ మెట్టు.

ప్రేక్షకుడే పరీక్షాధికారి: 1892 ప్రదర్శన

'కన్యాశుల్కం' గ్రంథంగా వెలువడకముందే రంగస్థలం ఎక్కింది. 1892లో విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభవారు దానిని ప్రదర్శించారు. గ్రంథరూపం 1897లో వచ్చింది. ఈ అయిదేళ్ళ ఎడం యాదృచ్ఛికంగా కనిపించవచ్చు గాని, గురజాడ విషయంలో దానికి ప్రత్యేకమైన అర్థం ఉంది. ప్రచురణ ఉద్దేశంతో తాను ఆ నాటకం రాయలేదనీ, సంస్కరణోద్యమానికి తోడ్పడటం, తెలుగు భాష రంగస్థలానికి తగదన్న అపోహను తొలగించడం తన లక్ష్యాలనీ ఆయన తొలి పీఠికలో పేర్కొన్నాడు. ఈ రెండవ లక్ష్యం నెరవేరిందో లేదో తేల్చవలసినది పండితుడు కాదు, ప్రేక్షకుడు. అందువల్ల ప్రదర్శన ఆయనకు ప్రచారం కాదు, పరీక్ష.

నాటి పరిస్థితుల్లో ఈ పరీక్షకు సాహసం అవసరం. కందుకూరి వీరేశలింగం ప్రహసనాలు అప్పటికే వ్యావహారిక సంభాషణకు దారి తీశాయి. అయితే ప్రహసనం చిన్నది, పరిమిత ప్రయోజనం గలది. 1897లోనే వెలువడిన వేదం వేంకటరాయశాస్త్రి 'ప్రతాపరుద్రీయం' పాత్రోచిత భాషను ప్రవేశపెట్టినా, ఉన్నత పాత్రలకు గ్రాంథికాన్నే నిలిపింది. సాంఘిక వస్తువుతో, పూర్తి నిడివి గల నాటకాన్ని ఆద్యంతం వాడుక భాషలో నడపడం వేరు. నవ్వు పండవలసిన చోట సభ మౌనంగా ఉంటే రచయితకు సాకు చెప్పుకొనే అవకాశం ఉండదు.

విజయనగరం వంటి పట్టణం ఇటువంటి ప్రయోగానికి అనువైన స్థలం. ఒకవైపు సంస్కృత నాటకాలను, సంగీతాన్ని ఆదరించిన ఆస్థానం. మరొకవైపు ఆంగ్ల విద్యావంతుల వర్గం. ఆదిభట్ల నారాయణదాసు హరికథలతో తీర్చిదిద్దిన శ్రోతృ సమాజం. హరికథలో కథకుడు సభను చూస్తూ కథ నడుపుతాడు. సభ అలసిందని తోస్తే పిట్టకథ చెప్తాడు, మనసు పెట్టిందని తోస్తే నిలిపి పాడతాడు. స్పందనను బట్టి కథనం మారడం ఆ వాతావరణంలో సహజ నియమం. గురజాడ దానిని లిఖిత రచనకు వర్తింపజేశాడనడం అసంగతం కాదు.

పన్నెండేళ్ళ పునరాలోచన: రెండు కూర్పులు

విజయవంతమైన నాటకాన్ని రచయిత సాధారణంగా కదల్చడు. గురజాడ కదల్చాడు. 1897 నాటి తొలి కూర్పుకు, 1909 నాటి రెండవ కూర్పుకు మధ్య ఉన్న భేదం అచ్చుతప్పుల సవరణకో, మాటల మార్పుకో పరిమితం కాదు. అయిదు అంకాల నాటకం ఏడు అంకాల నాటకమైంది. తొలి కూర్పులో పరిమితమైన పాత్రగా ఉన్న మధురవాణి రెండవ కూర్పులో కథను నడిపే శక్తిగా ఎదిగింది. ఒకవిధంగా 1909 నాటిది మరొక నాటకం.

ఈ మార్పుకు మూలం ఏమిటి? తొలి కూర్పు లక్ష్యం సంస్కరణ. అందులోని దోషం స్పష్టమైనది, దోషులు స్పష్టమైనవారు. పన్నెండేళ్ళ తరువాత గురజాడ ఆ స్పష్టతనే అనుమానించినట్లు కనిపిస్తుంది. సంస్కర్తల మాటలు, చేతలు ఎరిగిన మనిషి, వేశ్యావృత్తి గురించి నాటి విద్యావంతులు సాగించిన నిషేధోద్యమాన్ని దగ్గరగా చూసిన మనిషి, నీతి ఎవరి పక్షాన ఉందన్న ప్రశ్నను తిరిగి వేసుకొన్నాడు. ఆ ప్రశ్నకు రూపమే రెండవ కూర్పులోని మధురవాణి. సమాజం పతితగా పరిగణించే స్త్రీ, సమాజం ఆదర్శంగా పరిగణించే సౌజన్యారావు పంతులుకు చివరి అంకంలో ఎదురు నిలుస్తుంది. గిరీశం నిజస్వరూపం బయటపడటం, బుచ్చమ్మకు చదువుకొనే దారి ఏర్పడటం ఆమె వల్లనే జరుగుతాయి. సౌజన్యారావు సద్భావన నిజమైనదే. కాని తన నియమాల వెలుపల ఉన్న మనిషిని చూడలేని సద్భావన. ఈ సూక్ష్మం తొలి చిత్తులోనే దొరికేది కాదు. రాసినదాన్ని పక్కన పెట్టి, లోకాన్ని మరికొంత చూసి, తిరిగి తెరిచిన రచయితకు మాత్రమే దొరికేది.

రెండవ పీఠిక ఈ పునరాలోచనకు సైద్ధాంతిక రూపం. కృత్రిమమైన కావ్యభాష, యతిప్రాసల నిర్బంధం, అరిగిపోయిన సాహిత్య రూపాలు తెలుగు మేధను బంధించాయని ఆయన అందులో వాదించాడు. బాల్యవివాహాలు రివాజైన సమాజంలో యువతీయువకుల పరిచయం, ప్రణయం వంటి ఇతివృత్తాలు నాటకకర్తకు సహజంగా లభించవన్న చిక్కును కూడ చర్చించాడు. పాశ్చాత్య నాటకాన్ని చదివి, దాని నమూనా తన చుట్టూ ఉన్న జీవితానికి ఎక్కడ సరిపోదో గుర్తించిన రచయిత ఆలోచన ఇది.

అయితే ఈ దిద్దుబాటుకు మూల్యం కూడ ఉంది. రెండవ కూర్పు నిడివి ఒక రాత్రి ప్రదర్శనకు లొంగేది కాదు. తరువాతి కాలంలో నాటక సమాజాలు దానిని సంక్షేపించి ప్రదర్శించడం రివాజైంది. తొలి కూర్పులోని బిగువు రెండవదానిలో సడలిందన్న విమర్శ పూర్తిగా నిరాధారం కాదు. రంగస్థలం మీద పరీక్షకు నిలిచిన నాటకం, ఆ పరీక్ష నేర్పిన పాఠాలతోనే రంగస్థలాన్ని దాటిపోయింది. మనుషుల అంతరంగాన్ని, వారి మాటల వెనుక ఉన్న లెక్కలను ఇంకా ఇంకా విప్పాలన్న కోరిక ఆయనను నాటకం నుంచి మరొక ప్రక్రియ వైపు నడిపిస్తున్నది. 1909 కూర్పు వెలువడిన మరుసటి ఏడే ఆయన కథానిక అచ్చు కావడం ఈ దృష్ట్యా అర్థవంతం.

నాటకం నుంచి కథానికకు: 'దిద్దుబాటు'

1910లో మచిలీపట్నం నుంచి అయ్యంకి వేంకటరమణయ్య నడిపిన 'ఆంధ్రభారతి' పత్రికలో 'దిద్దుబాటు' ప్రచురితమైంది. ఇది తెలుగులో తొలి కథానిక అన్న ప్రసిద్ధి చాలాకాలం నిలిచింది. 1902 నాటి బండారు అచ్చమాంబ 'ధనత్రయోదశి' వెలుగులోకి వచ్చిన తరువాత ఆ ప్రాథమ్యం సరిగానే పునఃపరిశీలనకు గురైంది. ఆ చర్చతో నిమిత్తం లేకుండా, 'దిద్దుబాటు' నిర్మాణాన్ని గురజాడ సాధన దృష్ట్యా చూడటం అవసరం.

కథ వర్ణనతో మొదలుకాదు, పిలుపుతో మొదలవుతుంది. అర్ధరాత్రి దాటాక ఇంటికి చేరిన గోపాలరావు తలుపు తీయమని పిలవడంతోనే పాఠకుడు ఆ గుమ్మంలో నిలబడతాడు. పాత్ర పరిచయం, స్థలకాలాల వివరణ, నీతిబోధ – నాటి గద్యకథలకు అలవాటైన ఈ సంభారం ఏదీ లేదు. తెర తీయగానే పాత్ర మాట్లాడాలన్న రంగస్థల సూత్రం ఇక్కడ కథా ప్రారంభమైంది. భార్య కమలిని ఇంట లేదని తెలియడం, నౌకరు రాముడితో వాగ్వాదం, ఉత్తరం, పశ్చాత్తాపం, చివరకు మంచం కింది నుంచి నవ్వు – ఒకే ఇల్లు, ఒకే రాత్రి, ఇద్దరు ముగ్గురు మనుషులు. 'కన్యాశుల్కం' రెండవ కూర్పులో విస్తరించిన చేయే ఇక్కడ కుదించింది.

కథ పేరు కూడ ఆలోచింపదగినది. దిద్దుబాటు అన్న మాట బడిలోది. పలకమీద తప్పు రాసిన పిల్లవాడి చేత ఉపాధ్యాయుడు దిద్దిస్తాడు. పాతికేళ్ళకు పైగా విద్యతో సంబంధం ఉన్న రచయితకు ఆ పదం సుపరిచితం. అయితే ఈ కథలో దిద్దేది చదువుకొన్న మగవాడు కాదు, అతడు చదువు చెప్పించానని గర్వించే భార్య. ఆమె దిద్దే పద్ధతి కూడ దండన కాదు, ఉపన్యాసం కాదు. ఒక చిన్న కల్పన. తాను లేని ఇంటిని భర్తకు చూపించి, ఆ లేమిని అతడే చదువుకొనేటట్లు చేసింది. కథ చెప్పి మనిషిని మార్చడం అన్న గురజాడ ఆశయానికి కమలిని చేసిన పనికి పోలిక స్పష్టం. ఆమెను రచయిత ప్రతినిధిగా చదవడానికి అవకాశం ఉంది.

ఈ పోలిక మరొక విషయాన్ని బయటపెడుతుంది. గురజాడకు అభిప్రాయాలు అందించినవారిగా చరిత్రలో పేర్లు నిలిచినవారు – శంభుచంద్ర ముఖర్జీ, ఆనంద గజపతి, గిడుగు రామమూర్తి, పి.టి. శ్రీనివాస అయ్యంగార్, జె.ఎ. యేట్స్, ఒంగోలు మునిసుబ్రహ్మణ్యం – విద్యావంతులైన పురుషులు. ఆయన రచనల్లో ఇతరులను దిద్దేవారు మాత్రం స్త్రీలు. గిరీశం కపటాన్ని తేటతెల్లం చేసేది మధురవాణి, గోపాలరావును దారికి తెచ్చేది కమలిని, 'మీ పేరేమిటి?' కథలో శైవ వైష్ణవ వైషమ్యం ప్రాణాపాయం దాకా వచ్చినప్పుడు వివేకం చూపేది నాంచారమ్మ. జీవితంలో సలహా ఇచ్చే స్థానం ఎవరికి లేదో, రచనలో ఆ స్థానం వారికి దక్కింది. తన చుట్టూ ఉన్న అభిప్రాయ సభలో ఏ గొంతు లోపించిందో గుర్తించడం గురజాడ పద్ధతిలో అత్యంత విలువైన అంశం.

తరువాతి కథల్లో ఆయన ఒకే మూసను వాడలేదు. 'దిద్దుబాటు' ప్రథమ పురుష కథనం. 'మెటిల్డా'లో ఒక విద్యార్థి తాను చూసినదాన్ని, తన తొందరపాటును ఉత్తమ పురుషలో చెప్తాడు. చెప్పేవాడి సంస్కారాభిమానమే అక్కడ పరీక్షకు గురవుతుంది. ఎవరు చూస్తున్నారు, ఎవరు చెప్తున్నారు అన్న ప్రశ్నను ప్రతి కథకు విడిగా తేల్చుకొన్న రచయిత ప్రయోగశీలత ఇది.

కాదనే నేర్పు: భాషావివాదం

సలహాలను ఆదరించిన గురజాడ ఒక విషయంలో ఏ ఒత్తిడికీ లొంగలేదు. అది రచనా భాష. పాఠశాలల పర్యవేక్షకుడు యేట్స్, విశాఖపట్నం కళాశాల అధ్యక్షుడు శ్రీనివాస అయ్యంగార్, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడైన గిడుగు – వీరితో కలిసి ఆయన వ్యావహారిక భాషోద్యమానికి పునాది వేశాడు. 1911లో జయంతి రామయ్య పంతులు ప్రభృతులు ఆంధ్ర సాహిత్య పరిషత్తును స్థాపించడంతో గ్రాంథిక పక్షం సంఘటితమైంది. మద్రాసు విశ్వవిద్యాలయంలో వ్యాసరచన భాషను గురించిన చర్చలో అధిక సంఖ్యాకుల నిర్ణయంతో విభేదించి, 1914లో గురజాడ సమర్పించిన అసమ్మతి పత్రం సుదీర్ఘమైన శాస్త్రీయ నివేదిక.

ఈ పత్రాన్ని భాషాచరిత్ర సందర్భంలోనే చదవడం పరిపాటి. కథకుడి పద్ధతిగా కూడ దానిని చదవవచ్చు. రచయిత ఎవరి మాట వినాలన్న ప్రశ్నకు అది ఆయన చెప్పిన చివరి సమాధానం. పండితుల తీర్పు వ్యాకరణ గ్రంథాన్ని ఆశ్రయిస్తుంది; ప్రేక్షకుడి తీర్పు అనుభవాన్ని ఆశ్రయిస్తుంది. 1892లో రంగస్థలం మీద నిలిచిన భాషను 1914లో సమితి నిర్ణయం కోసం వదులుకోవడం ఆయనకు సమ్మతం కాలేదు. తనది ప్రజల పక్షమన్న భావాన్ని మునిసుబ్రహ్మణ్యానికి రాసిన ఉత్తరంలో ఆయన వ్యక్తం చేశాడు. అభిప్రాయాలను అడిగి తెలుసుకొనే గుణం, వాటిని కాదనే గుణం పరస్పర విరుద్ధాలు కావు. మొదటిది బలంగా ఉన్నవాడికే రెండవదానికి హక్కు లభిస్తుంది.

అసంపూర్ణతలు, పాఠసమస్యలు

దిద్దుకొంటూ రాసే పద్ధతికి సహజమైన పరిణామం అసంపూర్ణ రచనలు. 'కొండుభట్టీయం', 'బిల్హణీయం' నాటకాలు పూర్తి కాలేదు. ఆరోగ్యం, ఉద్యోగ బాధ్యతలు ఇందుకు కారణాలే గాని, తృప్తి కలిగేవరకు విడిచిపెట్టని స్వభావాన్ని కూడ లెక్కలోకి తీసుకోవాలి. 1915 నవంబరు 30న, 53 ఏళ్ళ వయస్సులో ఆయన మరణించాడు.

ఆ తరువాత దిద్దుబాటు ఇతరుల చేతుల్లోకి వెళ్ళింది. బుర్రా శేషగిరిరావు, అవసరాల సూర్యారావు వంటివారి కృషి వల్ల లేఖలు, దినచర్యలు, కథలు తెలుగు పాఠకులకు చేరాయి. 2012లో 'గురుజాడలు' పేరిట సమగ్ర రచనల సంపుటం వెలువడింది. అయితే ఆంగ్ల మూలాల అనువాదాలు, పత్రికా పాఠాలు, మరణానంతర ముద్రణలు ఒకదానితో ఒకటి ఎంతవరకు ఏకీభవిస్తాయన్న ప్రశ్న పరిశోధకుడిని వెంటాడుతూనే ఉంటుంది. తన ప్రతి వాక్యాన్ని తానే తిరిగి తూచిన రచయిత విషయంలో పాఠనిర్ణయం సాంకేతిక సమస్య మాత్రమే కాదు, నైతిక బాధ్యత. దినచర్యలోని ఒక మాటను అనువాదం ఆధారంగా నిరూపణకు వాడేవారు ఆంగ్ల మూలాన్ని సరిచూడటం, 'కన్యాశుల్కం'లోని ఒక సంభాషణను ఉదాహరించేవారు అది ఏ కూర్పులోదో పేర్కొనడం కనీస నియమాలు కావాలి.

ఉపసంహారం

గురజాడ కథన సాధనలో నాలుగు దశలను ఈ పరిశీలన గుర్తించింది. మొదటిది, అనుభవజ్ఞుడైన పాఠకుడి మాటను విని, తన అవసరానికి అనువుగా మలచుకోవడం. రెండవది, మనుషుల మాటను దిద్దకుండా సేకరించడం, లెక్కను పాత్రగా మార్చడం. మూడవది, రచనను సభ ముందు పరీక్షకు పెట్టి, కాలవ్యవధితో తిరిగి రచించడం. నాలుగవది, పరీక్షలో నెగ్గినదాన్ని అధికారం కోసం వదులుకోకపోవడం.

ఈ నాలుగింటినీ కలిపే సూత్రం ఒకటే: మనిషి మాటను దిద్దవద్దు, మనిషిని గురించి తాను రాసినదాన్ని ఎన్నిసార్లయినా దిద్దుకోవచ్చు. గ్రాంథికవాదులు భాషను దిద్దబోయారు. గురజాడ తన దృష్టిని దిద్దుకొన్నాడు. 1897 నాటి మధురవాణికి, 1909 నాటి మధురవాణికి మధ్య ఉన్న దూరమే ఆ దిద్దుబాటుకు కొలత. రెండు కూర్పులను పక్కపక్కన పెట్టి చదివించడం వల్ల విద్యార్థికి గురజాడ గొప్పదనం కంటె విలువైన విషయం ఒకటి బోధపడుతుంది: మొదటిసారి రాసినప్పుడు ఆయనకు కూడ అంతా కనిపించలేదు.